ఊర్లెకు సిగ్నల్ వచ్చింది, బాయికాడికి రాలేదు

పోయిన పత్తి సీజన్ల ఎవరిని కదిలిచ్చినా ఒకటే మాట: "ఓటీపీ వస్తలేదు, స్లాట్ దొరుకుతలేదు." 2025 సీజన్ నుంచి సీసీఐ వాళ్లు కపాస్ కిసాన్ అని ఒక యాప్ తెచ్చిండ్రు. అండ్ల పేరు ఎక్కియ్యాలె, మిల్లు ఎంచుకోవాలె, రోజు ఎంచుకోవాలె, అప్పుడే బండి కొనుగోలు సెంటర్ గేటు దాటుతది. 2025 సీజన్ల పొడుగు పింజకు మద్దతు ధర 8,110 రూపాయలు ఉండె. తేమ 8 శాతం ఉంటే పూరా ధర, 12 దాటితే బండి వాపస్. ఇది మనకు ఎప్పటినుంచో తెల్సిన లెక్కనే. ఇప్పుడు తేమ కంటే ముందు సిగ్నల్ చూసుకోవాల్సి వస్తుంది.

నన్ను చాలామంది అడిగిండ్రు. "టీవీల 5జీ అంటున్నరు, మన చేన్ల ఫోన్ మాట్లాడెతందుకు కూడ గెట్టు మీదికి ఎక్కుడేంది?" అని. దీనికి ఒక్క ముక్కల జవాబు లేదు, ముప్పై ఏండ్ల కథ ఉంది. వరుసగ రాస్తున్న. కొంచెం పొడుగైతది, మోటర్ కాడ కూసున్నప్పుడు చదువుకోండ్రి, సిగ్నల్ ఉంటే.

మొదలు తీగ ఫోన్ గురించి చెప్పాలె. 1984ల కేంద్ర ప్రభుత్వం సీడాట్ అనే సంస్థ పెట్టింది. సామ్ పిట్రోడా పేరు అప్పుడే విన్నం. అంతకుముందు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ అంటే ఏసీ గది కావాలె, దుమ్ము పడొద్దు. అంటే పల్లెకు రానట్టే. సీడాట్ వాళ్లు 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజ్ తయారు చేసిండ్రు. ఏసీ అక్కర లేదు, మన ఎండకు, దుమ్ముకు తట్టుకుంటది. మొదటిది 1986ల కర్ణాటకల కిత్తూరుల పెట్టిండ్రు. ఆ తర్వాత మన మండలాలల్ల చిన్న చిన్న గదులల్ల పెట్టిన ఎక్స్ఛేంజీలు ఆ జాతియే. ఈ సీడాట్ పేరు గుర్తు పెట్టుకోండ్రి, కథ చివర మళ్ల వస్తది.

ఆ ఎక్స్ఛేంజీలతోనే పసుపు పచ్చ బోర్డుల ఎస్టీడీ బూతులు వచ్చినయి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు ఇంటికొకరు దుబాయ్, మస్కట్, సౌదీ పోయిన ఊర్లు. ఉత్తరం పోవుడు ఒక నెల, జవాబు వచ్చుడు ఇంకో నెల. చదువు రానోళ్లు క్యాసెట్ల మాటలు నింపి, వచ్చేటోళ్ల చేతికి ఇచ్చి పంపేది. బూతు వచ్చినంక అక్కడినుంచి ఫోన్ చేస్తే బూతాయన "పది నిమిషాలు ఆగి మళ్ల చెయ్యి బిడ్డా, మీ అవ్వను పిలుసుకొస్త" అని పిల్లగాన్ని ఉరికిచ్చేది. రాత్రి పదకొండు దాటితే ఎస్టీడీ పావు రేటు, గందుకే అర్ధరాత్రి బూతుల ముందు గుంపులు. ఇంకోటి కూడ చెప్పాలె. అవి అన్నల కాలం. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను పేల్చిన రోజులు కూడ ఉన్నయి. ఎక్స్ఛేంజ్ పోతే చుట్టుపక్కల ఊర్లన్ని మూగవోయినట్టే.

సెల్ ఫోన్ మన దేశంల మోగింది 1995 జూలై 31న. కలకత్తా నుంచి అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీల కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తోని మాట్లాడిండు. అప్పుడు నిమిషానికి 16 రూపాయల దాక పడేది. ఫోన్ చేసినోనికే కాదు, ఎత్తినోనికి కూడ బిల్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల మొదటి లైసెన్సులు టాటా సెల్యులార్‌కు, జేటీ మొబైల్స్‌కు వచ్చినయి. మొదటిది తర్వాత ఐడియాల కలిసింది, రెండోది ఎయిర్‌టెల్ చేతికి పోయింది.

ఇక్కడ ఒక్క విషయం మీద ఆగాలె, ఎందుకంటే మన గోస అంతా ఇక్కడనే మొదలైంది. ఆ రోజులల్ల కంపెనీలకు ఇచ్చిన లైసెన్స్ కాయితాలల్ల ఏముందంటే, మొదటి ఏడు జిల్లా కేంద్రాలల్ల పదో వంతు, మూడేండ్లల్ల సగం జిల్లా కేంద్రాలు కవర్ చెయ్యాలె. జిల్లా కేంద్రం కవర్ అయ్యింది అంటే మున్సిపాలిటీ హద్దుల లోపట నూటికి తొంభై పాళ్ల జాగల సిగ్నల్ రావాలె. 2003ల వచ్చిన యూనిఫైడ్ లైసెన్స్‌ల కూడ ఇదే రాసి, పక్కన ఇంకో మాట కూడ రాసిండ్రు: గ్రామీణ ప్రాంతాలను కవర్ చేసుడు తప్పనిసరి కాదు అని. అంటే కంపెనీ మనకు సిగ్నల్ ఇయ్యకపోతే తప్పు చేసినట్టు కాదు. కాయితం మీదనే మనం లేము.

కరీంనగర్ల వచ్చింది, ఆదిలాబాద్ల వచ్చింది, రామగుండం, మంచిర్యాల, కాగజ్‌నగర్ల వచ్చింది. బొగ్గు గని, పేపర్ మిల్లు, కరెంటు ప్లాంటు ఉన్నకాడ జీతగాళ్లు ఉంటరు, బిల్లు కడ్తరు. తర్వాత పట్నాల మధ్య రోడ్డు పొంటి టవర్లు వచ్చినయి, కారుల పోయేటోని ఫోన్ కట్ కావద్దు కదా. ఆ రోడ్డు పక్కన ఉన్న ఊర్లకు సిగ్నల్ అట్ల పుణ్యానికి దొరికింది. రోడ్డుకు దూరమున్న ఊరు గుట్టెక్కి మాట్లాడుకుంది.

అసలు మార్పు 2002, 2003లల్ల. 2002 అక్టోబర్ 19న లక్నోల వాజ్‌పేయి బీఎస్ఎన్ఎల్ మొబైల్ మొదలు పెట్టిండు. అదే డిసెంబర్ 28న రిలయన్స్ వచ్చింది, మల్ల ఏడు జూలైల 501 రూపాయలు కడ్తే చేతిల ఫోన్ పెట్టిండ్రు. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యింది. ఈ ఒక్కటి అన్నిటికంటే పెద్దది. ఫోన్ ఎత్తుడు ఉత్తదే అయినంక రైతు చేతికి ఫోన్ వచ్చింది, వెంటనే మిస్డ్ కాల్ భాష కూడ వచ్చింది. ఒక్క రింగ్ అంటే కరెంటు వచ్చింది, రెండు రింగులంటే సద్ది పట్టుకరా. అదే ఏడు నోకియా 1100 వచ్చింది, టార్చ్ ఉన్నది. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగ అమ్ముడుపోయిందట. మన ఊర్లల్ల అది సగం ఫోన్, సగం బ్యాటరీ లైటు. రాత్రి కరెంటుకు బాయికాడికి పోయేటోనికి పాము కనబడాలె కదా.

ఇప్పుడు బాయికాడికి వస్త. 2004ల ఉచిత కరెంటు వచ్చింది, గాని అది ఏడు గంటలే, అదీ రెండు ముక్కలు, పగలు కొంత, రాత్రి కొంత. ఎప్పుడు వస్తదో లైన్‌మెన్‌కు కూడ తెల్వదు. రాత్రి రెండు గంటలకు లేచి చీకట్ల నడిచి, తడి చేతులతోని స్టార్టర్ ముట్టుకొని షాక్ కొట్టి సచ్చినోళ్లు, పాము కరిచినోళ్లు ప్రతి మండలంల ఉన్నరు. దానికి మందుగ మొదలు ఆటో స్టార్టర్ వచ్చింది. కరెంటు రాంగనే మోటర్ దానంతటదే నడుస్తది, మడి నిండినా ఆగదు. ఆ తర్వాత మొబైల్ స్టార్టర్. పుణెల సంతోష్ ఓస్త్వాల్ చేసిన నానో గణేశ్, బెంగుళూరోళ్ల కిసాన్ రాజా, ఇట్లాంటియి వచ్చినయి. స్టార్టర్ డబ్బా పక్కన ఇంకో చిన్న డబ్బా, దాన్ల ఒక సిమ్. ఇంటికాడ మంచంల పండుకొనే ఫోన్ చెయ్యొచ్చు. కరెంటు ఉందా లేదా చెప్తది, నంబర్ ఒత్తితే మోటర్ నడుస్తది, ఒత్తితే బంద్ అయితది.

నన్నడిగితే మొబైల్ మన రైతుకు చేసిన అన్నిటికంటే పెద్ద మేలు ఇదే. వాట్సాప్ కాదు, వాన మెసేజ్‌లు కాదు. ఎంతమంది పాణాలు నిలిచినయో ఎవ్వరూ లెక్క రాయలేదు.

కాని ఇక్కడనే చిక్కు. ఈ సిమ్ ఇంట్ల ఉండది, బాయికాడ ఉంటది. ఊర్లె నాలుగు గీతల సిగ్నల్ ఉన్నా దానికి ఏం లాభం? మన పని ఎక్కడుందో అక్కడ సిగ్నల్ కావాలని తెల్సింది అప్పుడే. యాంటెనా వైరు పొడుగు తీసి, వెదురు కట్టెకు కట్టి, యాప చెట్టు కొమ్మకు బిగిచ్చిన డబ్బాలు మీరూ చూసే ఉంటరు.

2018 జనవరి 1 నుంచి మన దగ్గర 24 గంటల కరెంటు ఇచ్చిండ్రు, భూగర్భ నీళ్లు అయిపోతయని ఆటో స్టార్టర్లు తియ్యమన్నరు. రాత్రి నడక తగ్గింది, అది నిజం. అయినా నాలుగు దిక్కుల నాలుగు మడులున్నోనికి, ముసలోళ్లకు మొబైల్ స్టార్టర్ అక్కర తీరలేదు. ఆ డబ్బాలల్ల ఎక్కువ 2జీ సిమ్ మీద నడిచేటియే. జియోకు 2జీ లేనే లేదు, అన్ని సిమ్‌లు పనిచెయ్యయి.

అదే 2018 చివర ఇంకో దెబ్బ. 2005 చివర నుంచి "లైఫ్‌టైమ్" అని 999 రూపాయలకు సిమ్‌లు అమ్మిండ్రు, బతికినంత కాలం ఇన్‌కమింగ్ ఫ్రీ అని. 2018ల కంపెనీలు నెల నెల కనీస రీచార్జ్ పెట్టినయి, 28 రోజులకు 35 రూపాయలు. సరే అనుకున్నం. ఎయిర్‌టెల్ లెక్క చూడండ్రి: 2021 జూలైల 79, నవంబర్ల 99, 2023 మొదట్ల 155, 2024 జూలైల 199. నెల అంటే 28 రోజులే కాబట్టి వాళ్ల ఏడాదికి పదమూడు నెలలు. 199 చొప్పున 2,587 రూపాయలు. మోటర్‌కు కట్టిన సిమ్ ఎవ్వనితోని మాట్లాడది, సిన్మా చూడది, దానికీ ఇంతే. 2024 డిసెంబర్ల ట్రాయ్ ఆర్డర్ వేసింది, ఇంటర్నెట్ వద్దనేటోళ్లకు ఒట్టి మాట, మెసేజ్ ప్యాక్ పెట్టాలె, 365 రోజుల దాక గడువు ఇయ్యొచ్చు అని. గందుకని స్టార్టర్ సిమ్ ఉన్నోళ్లు దుకాణపాయన చెప్పింది వేయించుకోకుండ్రి, వాయిస్ ప్యాక్ ఏముందో అడుగుండ్రి.

5జీ వచ్చినా చేన్ల ఎందుకు రాదు అన్న దానికి సైన్స్ కూడ ఉంది. ఊర్లె డప్పు కొడ్తే పక్క ఊరికి వినబడుతది. గజ్జెల చప్పుడు వాడ దాటది. సిగ్నల్ గూడ అంతే. పాత 2జీ 900 మెగాహెర్ట్జ్ మీద వచ్చేది, అది డప్పు. 3జీ 2100 మీద, 4జీ కొంత 1800, 2300 మీద వచ్చినయి, అవి గజ్జెలు. మాటలు ఎక్కువ మోస్తయి, దూరం తక్కువ పోతయి, చెట్లకు, గుట్టలకు ఆగుతయి. టవర్ అదే ఉంచి పైన డబ్బా మార్చి "అప్‌గ్రేడ్ చేసినం" అంటే, టవర్ కింద ఉన్నోనికి పండుగ, మూడు కిలోమీటర్ల అవతల ఉన్నోనికి ఉన్నది పోతది. 850, 700 లాంటి తక్కువ మెగాహెర్ట్జ్ మీద కూడ 4జీ, 5జీ నడుస్తయి, అవి ఉన్నకాడ కొంత నయం. అడవి పక్క ఊర్లోళ్లు చూసే ఉంటరు, ఎండకాలం టేకు ఆకు రాలినంక సిగ్నల్ కొంచెం మెరుగైతది, వానకాలం మళ్ల పోతది. ఇంకోటి, చేన్ల బ్యాటరీ జల్ది అయిపోతది కదా, అది ఫోన్ తప్పు కాదు. దూరమున్న టవర్‌కు అందాలని ఫోన్ గట్టిగ అర్సుకుంటది, అంతే.

నిండ గీతలున్నా నెట్ నడవదు, ఇది ఇంకో రోగం. గీతలు చూపెట్టేది ఫోన్‌కు, టవర్‌కు మధ్య సంగతి. టవర్ నుంచి అవతలికి పోయే తొవ్వ సన్నగ ఉంటే గీతలు ఏం చేస్తయి? పట్నంల టవర్‌కు కింద ఫైబర్ ఉంటది. పల్లె టవర్లు చాల మట్టుకు ఇంకో టవర్ మీద, అది ఇంకోదాని మీద ఆధారపడి గాలిల నడుస్తయి. రాత్రి ఎనిమిదింటికి ఊరంతా ఫోన్లు పట్టుకుంటే మడి కాల్వకు చెరువంత నీళ్లు ఇడిసినట్టు. మిషన్ భగీరథ పైపుల పక్కన టీ-ఫైబర్ గొట్టం వేసిండ్రు. 2024 డిసెంబర్ల మొదలు పెట్టిన ఊర్లల్ల మన పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఉంది. మిగిలిన ఊర్లకు గొట్టం ఉంది, అవతలి పని కావాలె.

ఇక గోదావరి అవతల సంగతి వేరు. ఉట్నూరు, నార్నూర్, గాదిగూడ, సిర్పూర్-యు, కెరమెరి, తిర్యాణి దిక్కు గుట్టల మధ్య గూడేలు. టవర్‌కు, ఫోన్‌కు మధ్య గుట్ట అడ్డమొస్తే అయిపోయినట్టే. అడవిల టవర్ వెయ్యాలంటే 1980 అటవీ చట్టం కింద పర్మిషన్ కావాలె, కవ్వాల్ 2012ల పులుల అభయారణ్యం అయినంక ఇంకా గట్టిగైంది. పది ఇండ్ల గూడేనికి టవర్ వేస్తే కంపెనీకి ఏమొస్తది? గందుకే ప్రభుత్వమే పూనుకోవాల్సి వచ్చింది. దీనికి పైసలు ఎక్కడివంటే, 2002 ఏప్రిల్ నుంచి ఒక నిధి ఉంది, యూఎస్‌వో ఫండ్. ప్రతి కంపెనీ తన ఆదాయంల నూటికి ఐదు రూపాయలు అండ్ల కట్టాలె. ఆ ఆదాయం మన రీచార్జే కదా. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి.

2014 ఆగస్టుల కేంద్ర కేబినెట్ మావోయిస్టుల ప్రభావం ఉన్న పది రాష్ట్రాలల్ల 2,199 టవర్లకు ఒప్పుకుంది, బీఎస్ఎన్ఎల్‌కు అప్పజెప్పింది. తర్వాత లెక్క 2,343కు పెరిగింది. తెలంగాణ కూడ అండ్ల ఉంది. సోలార్ పలకల మీద నడిచే చిన్న టవర్లు, 2జీ మాత్రమే. పట్నంల 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చి 4జీ ఉత్తగ పంచుతుంటే ఈ టవర్ల కింద మాట ఒక్కటే. అవి 4జీకి మార్చుతం అని ఒప్పుకున్నది 2022 ఏప్రిల్ల. అదే జూలైల దేశంల అసలు 4జీ లేని 24,680 ఊర్లకు 26,316 కోట్లు పాస్ చేసిండ్రు. అదే ఏడు అక్టోబర్ 1న ఢిల్లీల 5జీ మొదలైంది. ఒక్క ఏడుల మూడు సంగతులు, పక్క పక్కన పెట్టి చూసుకోండ్రి.

బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబర్ 27న ఒడిశాల ఝార్సుగుడల ప్రధాని మొదలు పెట్టిండు. దాని లోపటి గుండెకాయ అసుమంటి భాగం సీడాట్‌ది. ముప్పై తొమ్మిదేండ్ల కింద కిత్తూరుల 128 లైన్ల డబ్బా పెట్టిన సీడాటే. మెల్లగ వచ్చిండ్రు, గాని మన దేశంల చేసిన సామాను. నాకైతే ఈ ఒక్క విషయంల సంతోషమే.

మహారాష్ట్ర హద్దు పొంటి ఉన్నోళ్ల ముచ్చట కూడ రాయకపోతే తప్పు. పెన్‌గంగ ఒడ్డున భీంపూర్, జైనథ్, బేల, ప్రాణహిత ఒడ్డున వేమనపల్లి దిక్కు ఫోన్ మన టవర్ కంటే అవతలి టవర్‌నే పట్టుకునేది. ఇంట్ల కూసుండి ఉంటే మహారాష్ట్రకు స్వాగతం అని మెసేజ్. రోమింగ్ కింద ఎత్తిన ఫోన్‌కు కూడ పైసలు కోసేది. పత్తి ఏరుకుంట ఫోన్ ఎత్తితే బ్యాలెన్స్ ఖతం. కెరమెరి మండలంల రెండు రాష్ట్రాలూ మాదే అనే ఊర్లు ఉన్నయి, రెండు చోట్ల ఓట్లు వేసేటోళ్లు. సిగ్నల్‌కు కూడ అదే తకరారు. 2017 వరకు రోమింగ్ మోత పోయింది.

జియో వచ్చినంక రేట్లు పడ్డయి, మంచిదే. దుబాయ్ల ఉన్న కొడుకు మొకం ఇమోల, బోటిమ్‌ల రోజూ కనబడుతుంది, నెల రోజుల ఉత్తరం పోయింది. కాని పోటీల ఎయిర్‌సెల్ మునిగింది, టెలినార్, టాటా ఎయిర్‌టెల్ల కలిసినయి, వొడాఫోన్, ఐడియా 2018ల ఒకటైనయి. నాలుగు మిగిలినంక రేట్లు ఎట్ల ఎక్కినయో పైన రాసిన.

అసలు బాధ ఇప్పుడు చెప్త. ఇరవై ఏండ్ల కింద సిగ్నల్ లేకపోతే మాట ఆగేది. ఇప్పుడు బియ్యం ఆగుతున్నయి. 2020 సెప్టెంబర్ 1 నుంచి కరోనాల ఆన్‌లైన్ పాఠాలు పెట్టిండ్రు, పిల్లలు గుట్టలెక్కిండ్రు. 2021 ఫిబ్రవరి నుంచి రేషన్‌కు ఓటీపీ అన్నరు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనికాడ రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌ల ఎక్కియ్యాలె, పని చేసిన చేతులు ఉన్నా ఫోటో ఎక్కకపోతే హాజరు లేదు. పీఎం కిసాన్‌కు ఈకేవైసీ. ఇప్పుడు పత్తికి స్లాట్. ప్రతి ఆఫీసు "ఊరికి నెట్‌వర్క్ ఉంది" అనే లెక్క మీద యాప్ చేస్తుంది. ఊరికి ఉంది, నిజమే. ఉపాధి పని ఊర్లె జరుగుతదా? పత్తి ఇంట్ల పండుతదా? కంపెనీ లెక్కల మొదలు జిల్లా కేంద్రం, తర్వాత రోడ్డు, తర్వాత ఊరు. చేను ఏ లెక్కలా లేదు.

రీచార్జ్ చెయ్యక సిమ్ బంద్ అయితే ఏమైతదో కూడ తెల్సుకోవాలె. తొంభై రోజులు వాడకుంటే నంబర్ తీసేసి తర్వాత ఇంకోనికి ఇయ్యొచ్చు. కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే నెలకు 20 కోసుకొని నంబర్ ఉంచాలని ట్రాయ్ రూల్ ఉంది. ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చిన నంబర్ పోతే ఓటీపీ ఎవనికో పోతది. ఇంట్ల ముసలోళ్ల నంబర్ దేనికి కట్టి ఉందో ఒక్కసారి చూసుకోండ్రి. అట్లనే "మీ పొలంల టవర్ పెడ్తం, నెలకు ఇంత కిరాయి, ముందు డిపాజిట్ కట్టుండ్రి" అని ఫోన్ వస్తే పెట్టేయండ్రి. టవర్ కంపెనీ మనకు కిరాయి ఇస్తది గాని మనతోని పైసలు కట్టియ్యదు.

ఇగ చెయ్యగలిగింది ఒకటుంది. ట్రాయ్ చెప్పినందుకు 2025 ఏప్రిల్ నుంచి కంపెనీలన్ని తమ వెబ్‌సైట్లల్ల కవరేజ్ మ్యాప్ పెట్టాలె, 2జీ, 4జీ, 5జీ వేర్వేరు రంగులల్ల. అది తెరిచి మీ ఊరు దగ్గర ఆగకుండ్రి, మీ సర్వే నంబర్ దాక జరుపుండ్రి. రంగు ఉండి సిగ్నల్ లేకపోతే స్క్రీన్‌షాట్ తీయండ్రి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండ్రి, పని కాకపోతే అదే కంపెనీల అప్పిలేట్ అథారిటీ అని ఉంటది, దానికి రాయండ్రి. నేను మా వాగు అవతలి నంబర్లు మొదలు పెట్టిన, పదకొండు బాయిలు అయినయి. మీరూ మండలం, ఊరు, ఏ సిమ్, బాయికాడ ఎన్ని గీతలు, ఇవి నాలుగే రాసి పంపుండ్రి. అన్ని ఒక్క కాయితం మీదికి తెచ్చి, వచ్చే పత్తి రిజిస్ట్రేషన్ మొదలు కాకముందే వ్యవసాయ ఆఫీసులా, సీసీఐ వాళ్లకా ఇద్దాం.